పండుగ కాని వేసవులు

ఖాళీ ఇంటి తలుపు తీసేముందు దగ్గే మనిషిని నా యాభై నాలుగేళ్ల బతుకులో ఒక్కరినే చూశాను. లోపల ఎవరూ లేరని ఆమెకు తెలుసు. తాళంచెవి ఆమె చేతిలోనే ఉండేది. అయినా ఒకసారి దగ్గి, కాసేపు ఆగి, అప్పుడు తిప్పేది. ఎందుకలా అని అడిగితే, "లోపలున్నోళ్లు సర్దుకోవద్దా?" అనేది. లోపల ఎవరున్నారే తల్లీ అంటే నవ్వి ఊరుకునేది.

ఈ మార్చిలో మళ్లీ ఆ మూడో అంతస్తుకు వెళ్లాను. సంచి భుజాన వేసుకుని గుమ్మం ముందు నిలబడితే, నీలం కోటు తొడుక్కున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి చకచకా వచ్చి తాళం తీసి తలుపు తోసేసింది. దగ్గలేదు. "పెద్దామె ఇయ్యాల రాలేదా?" అన్నాను. ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఆమె లేదు మేడం. మాఘమాసంల జ్వరమొచ్చి చనిపోయింది," అంది. నేను సంచి దించకుండా అలాగే నిలబడ్డాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆధార్ కార్డులో ఒక పేరుండేది, వాళ్లవాళ్లు పిలిచేది ఇంకొకటి. కార్డులో ఉన్న పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు. అక్కడ అందరూ పెద్దామె అనేవాళ్లు. నేను మొదట్లో ఏమ్మా అనేదాన్ని, తర్వాత అక్కా అన్నాను. ఈ ఏమ్మాకూ ఆ అక్కాకూ మధ్య నేను చేసిన ఒక తప్పుంది. దాని గురించి ముందు చెప్పాలి.

ఖమ్మం బైపాస్ దిక్కున, సందడి ఎప్పటికీ తగ్గని రోడ్డు మీద ఐదంతస్తుల భవనం అది. కింద బండ్ల షోరూమ్, పక్కన టిఫిన్ సెంటర్, ఎదురుగా కోచింగ్ సెంటర్, వెనక ఫంక్షన్ హాల్. పై అంతస్తుల్లో సర్వీస్ అపార్ట్‌మెంట్. అంటే లాడ్జీ కాదు, అట్లా అని ఇల్లూ కాదు. ఒక గది, చిన్న వంటిల్లు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, నాలుగు గిన్నెలు ఇస్తారు. ఊడ్చి తుడవడానికి, దుప్పట్లు మార్చడానికి మనిషి వస్తుంది. వారం ఉండి పోయేవాళ్లుంటారు, నెలల తరబడి ఉండేవాళ్లుంటారు. నా ఇల్లు జూలూరుపాడులో, బడి ఏన్కూరులో. పరీక్ష పేపర్లనీ ట్రైనింగులనీ వేసవిలో నన్ను ఖమ్మం ఆఫీసుకు వేసేవాళ్లు. రోజూ బస్సులో పోయిరావడానికి నా మోకాళ్లు ఒప్పుకోలేదు. అందుకని మార్చి నుంచి మే దాకా అక్కడే మకాం పెట్టేదాన్ని.

ఆమె లిఫ్ట్ ఎక్కేది కాదు. నిండు బకెట్ పట్టుకుని మెట్ల మీదనే వచ్చేది. "నన్ను చూసన్న బుద్ధి తెచ్చుకో, మోకాళ్లు పోతయ్," అని తిట్టేదాన్ని. "అండ్ల నిలబడితే ఎక్కినట్టే అనిపియ్యదమ్మా," అనేది. ఫ్లాట్‌ను రూమ్ అనేది కాదు, ఇల్లు అనేది. టీచరమ్మ ఇల్లు, షుగర్ సారు ఇల్లు, పెండ్లోళ్ల ఇల్లు. ఆ షుగర్ సారు ఖాళీ చేసిపోయి ఏడాదైనా అది షుగర్ సారు ఇల్లే. కొత్తగా వచ్చినవాళ్లు, మాది ఎవరి ఇల్లు అని అడిగి తెలుసుకుని నవ్వుకునేవాళ్లు.

ఊడ్చేముందు నా చెప్పులు, బూట్లు ఒక్కొక్కటే బోర్లించి నేలకేసి తట్టేది. స్నానాల గదిలో బకెట్ కూడా తిరగేసి చూసేది. తేళ్ల కోసం. "మూడో అంతస్తుల తేలు ఎట్లొస్తది?" అన్నాను ఒకసారి. "మనం రాలేదా?" అంది, తల ఎత్తకుండానే.

దుప్పటి మడిచేటప్పుడు ఒక అంచు గడ్డం కింద నొక్కి పట్టుకునేది. ఆ సమయంలో మాట్లాడలేకపోయేది కాబట్టి నేను కావాలనే అప్పుడు ప్రశ్నలేసేదాన్ని. కళ్లతోనే కసురుకునేది. ఫోన్‌లో చెల్లెలితో వాళ్ల కోయభాషలో మాట్లాడేటప్పుడు మాత్రం పూర్తిగా వేరే మనిషి. గొంతు పెద్దదయ్యేది, చేతులు తిరిగేవి, పకపకా నవ్వేది. తెలుగులోకి వచ్చేసరికి మళ్లీ తగ్గిపోయేది. మాతో మాట్లాడేటప్పుడు ఆమె సగం మనిషే అని నాకు చాలా రోజులకు అర్థమైంది.

ఇక నా తప్పు. నేను వెళ్లిన మొదటి వేసవి, ఏప్రిల్ నెల. ఆదివారం మామిడికాయ పప్పు చేశాను. వేడివేడి అన్నంలో వేసి, నెయ్యి కూడా పోసి, పళ్లెం ఆమె ముందు పెట్టాను. "వద్దమ్మా," అంది. మొహమాటం అనుకున్నాను. మర్నాడు లేత కాయ ముక్కలు కోసి ఉప్పూ కారం అద్ది ఇచ్చాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు, పడదు," అంది. ఆ మధ్యాహ్నమే పెద్దామె నా పక్క ఫ్లాట్ ఆవిడ ఇంట్లో కూర్చుని దొండకాయ కూరతో అన్నం తింటూ నా కంటపడింది. ఆ పక్కింటామెది పెద్ద కులం. మాది క్రీస్తును నమ్ముకున్న కుటుంబం, అంతకుముందు మమ్మల్ని ఊరవతల ఉంచేవాళ్లు. నా గోడకు సిలువ ఉంది, బల్ల మీద బైబిలు ఉంది. వాటికి రోజూ దుమ్ము దులిపేది పెద్దామే.

చిన్నప్పుడు నేను చాలా ఇళ్ల ముందు దోసిలి పట్టి నీళ్లు తాగాను. పైనుంచి పోసేవాళ్లు, చెంబు తగలకుండా. అది ఒంట్లోంచి పోదు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినా, జీతం పెరిగినా, పిల్లలు నమస్తే మేడం అన్నా పోదు. ఎక్కడో అణిగి ఉండి, ఎవరో ఒకరు పళ్లెం పక్కకు జరిపితే ఒక్కసారిగా లేచి వస్తుంది.

"మా చేతి కూడు తింటే మైలపడతవా?" అన్నాను. గొంతు పెద్దదే చేశాను, పక్కింటికి కూడా వినపడాలని. "దొరసాని ఇంట్ల తింటవ్, నా ఇంట్ల తినవు. నా ఇంట్ల గిన్నెలు ముట్టుకోవడానికి మాత్రం పనికొస్తయా మరి?"

ఆమె తుడుపు కర్ర పట్టుకుని నిలబడింది. తుడవాల్సిన గదిని పూర్తిగా తుడిచి, బకెట్ తీసుకుని, తలుపు దగ్గరికేసి వెళ్లిపోయింది. అలా పని ముగించి పోవడం చూసి నాకు ఇంకా మండింది. కిందికి దిగి మేనేజరుతో, నా ఫ్లాట్‌కు ఇంకొకరిని పంపండి, ఆమె వద్దు అన్నాను. కారణం చెప్పలేదు.

నాలుగు రోజులు ఇంకెవరో వచ్చారు. ఐదో రోజు రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి అడిగింది, పెద్దామె ఏం చేసింది మేడం అని. చెప్పాను. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మామిడికాయ పెట్టిన్రా? అయ్యో, ఆమె మామిడి ఎవరు పెట్టినా తినదు మేడం. మా అమ్మ ఆవకాయ పంపితే గూడ తినలేదు. వాళ్లదాంట్ల ఏదో పట్టింపు ఉన్నది."

ఆ వేసవిలో మేనేజరు కొత్త పద్ధతి పెట్టాడు. దిగిన ప్రతివాళ్ల గదిలో ఒక పళ్లెంలో మామిడిపండు, పక్కన చాకు. పొద్దున్నే బుట్టెడు పండ్లు కడిగి తుడిచి పంచేది ఆమే. తొడిమ దగ్గర వాసన చూసి, ఇది తీపి, ఇది పీచు, ఇది ఇంకో రెండు రోజులు అని వేరుచేసేది. ముసలివాళ్లుంటే కోసి కూడా ఇచ్చేది. ఇంత చేసే మనిషి ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదని అప్పటిదాకా నేను గమనించలేదు.

ఐదో అంతస్తు పైన దుప్పట్లు ఆరేసే చోటుకు వెళ్లాను. లిఫ్ట్ అక్కడిదాకా పోదు, చివరి మెట్లు నా మోకాళ్లతో ఎక్కాను. తాళ్ల మీద తెల్ల దుప్పట్లు. వాటి మధ్య ఆమె క్లిప్పులు పెడుతూ ఉంది. క్షమించమని అడగడం నాకు చేతకాదు. బడిలో ఎప్పుడూ అడిగించుకున్నదాన్నే. "అక్కా, తప్పు మాట్లాడిన," అన్నాను. అంతకంటే రాలేదు. ఆమె క్లిప్పు నోట్లోంచి తీసి, "మీ ఇంట్ల అన్నమున్నదా? ఆకలైతుంది," అంది.

కిందికి వచ్చాం. ఆమె మెట్ల మీదనే, నేనూ ఆమెతో పాటు మెట్ల మీదనే. బెండకాయ వేపుడు ఉంది. రెండుసార్లు పెట్టించుకుని తింది. తిన్నంతసేపూ నేను ఆమె చేతివంక చూస్తూ కూర్చున్నాను. తిన్నాక నీళ్లు తాగి, తనంతట తనే చెప్పింది.

"మాదాంట్ల మామిడి పండుగ గాకముందు కొత్త కాయ నోట్ల పెట్టొద్దమ్మా. పూజారి ఊరి దేవతకు కాయ చూపెట్టాలె, ఊరంత కూడాలె, కోడిని గొయ్యాలె. అప్పుడు పెద్దోళ్లు తింటరు, పిల్లలు తింటరు. అంతదనుక చెట్టు కింద రాలినా ముట్టం. ముట్టినోళ్లకు మంచిది గాదు."

"మరి పండుగ ఎప్పుడు మీకు?"

"అయితలేదు."

బూర్గంపాడు దాటి, గోదావరి పట్టుకుని కిందికి పోతే వాళ్ల గూడెం ఉండేది. ప్రాజెక్టు నీళ్లొస్తాయని ఊరిని లేపారు. సగం మంది కట్టించిన కాలనీకి పోయారు, సగం మంది చుట్టాల దిక్కు పోయారు. ఆమె మొగుడు అంతకుముందే చనిపోయాడు, పిల్లలు లేరు, ఎవరో చెబితే ఖమ్మం వచ్చింది. కాలనీకి పోయిన మొదటి ఏడే పూజారి కన్నుమూశాడు. అతని కొడుకు లారీ మీద పోతాడు, ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు, ఫోన్ ఎత్తడు. దేవత రాయి పాత ఊళ్లోనే ఉండిపోయింది. దాన్ని కదపాలా వద్దా అని పెద్దవాళ్లలో తగాదా. ఒకరు ఇక్కడే చేద్దాం అంటారు, ఒకరు అక్కడే చేయాలంటారు. నాలుగేళ్లుగా పండుగ కాలేదు. నాలుగేళ్లుగా ఆమె మామిడి తినలేదు.

"ఆ రోజు నాకు చెప్పొచ్చు గద అక్కా. అన్ని మాటలు పడ్డవ్."

"చెప్తే నవ్వుతరు. తిట్టిచ్చుకునుడే నయం," అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు పీడించింది. నేను తిట్టింది నిజంగా నన్ను అవమానించినవాళ్లను కాదు. వాళ్లను ఎప్పుడూ ఏమీ అనలేకపోయాను. అనగలిగే మనిషి దొరికేసరికి అనేశాను.

రెండో వేసవి వెళ్లినప్పుడు నా గదిలో పళ్లెం ఖాళీగా ఉంది. "మీకు పెట్టలేదు. నా ముందల తినలేక ఇబ్బంది పడతరని," అంది. అది నిజమే. ఆమె ముందు మామిడి తినడానికి నాకు సిగ్గుగా ఉండేది. అప్పటికి పండుగ కాక ఐదో ఏడు. వారానికోసారి చెల్లెలికి ఫోన్ చేసి మొదట అడిగే మాట అదే, ఈ ఏడన్న చేస్తున్నరా అని. అవతల ఏం చెప్పేవాళ్లో నాకు తెలియదు కానీ ఈమె మొహం చూస్తే తెలిసేది.

ఏప్రిల్ చివర్లో చెల్లెలి దగ్గర్నుంచి ఇంకో కబురు వచ్చింది. చెల్లెలి కూతురికి ఐదో నెల. ఏది తిన్నా వాంతి అవుతోంది. ఆ పిల్ల నోరు ఒక్క మామిడికే ఊరుతోంది, వేరే ఏదీ లోపలికి పోవడంలేదు. అత్త ముట్టనివ్వడంలేదు, పండుగ కాలేదు కాబట్టి. కాలనీ చివర ఎవరో బయటివాళ్ల తోట ఉంది, ఆ పిల్ల ఒక రాలిన కాయ తెచ్చుకుని పైటలో దాచుకుంటే అత్త లాక్కుని విసిరేసిందట. కడుపులో పిల్లను చంపుకుంటవా అని నలుగురిలో అరిచిందట. అప్పటినుంచి ఆ పిల్ల ఏమీ తినకుండా గోడ వైపు తిరిగి పడుకుంటోంది.

రెండు రోజులు పెద్దామె పనిలో తప్పులు చేసింది. షుగర్ సారు ఇంట్లో వేయాల్సిన దుప్పట్లు నా ఇంట్లో వేసింది. తాళంచెవులు మరిచిపోయి మళ్లీ మెట్లు దిగింది. మూడో రోజు మధ్యాహ్నం నా బాల్కనీలో నేల మీద కూర్చుని ఫోన్ చేసింది. నేను బల్ల దగ్గర ఆఫీసు లిస్టులు సరిచూసుకుంటున్నాను. ఆమె మాటలు నాకు అర్థం కావు. అయితే మధ్యలో రెండుసార్లు టీచరమ్మ అనే మాట వినపడింది. ఫోన్ పెట్టేశాక అడిగాను.

"నా ముచ్చట ఎందుకొచ్చింది అక్కా?"

ఆమె ఫోన్‌ను కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"కోప్పడకున్రి. పాత ఊర్ల పండుగ అయింది, నిన్న పోయి కండ్లార చూసొచ్చిన అని చెప్పిన. పూజారి కొడుకు లారీ ఆపుకుని వచ్చిండు, నలుగురం కలిసి దేవతకు కాయ చూపెట్టినం, ప్రాజెక్టు ఆఫీసోళ్లు తిరగనియ్యరని చప్పుడు చేయలేదు అన్న. ఇగ అందరు తినొచ్చు అన్న."

నిన్నంతా ఆమె ఇక్కడే ఉంది. ఫంక్షన్ హాల్ పెళ్లివాళ్లు దిగారని పొద్దంతా నాలుగో అంతస్తులో పని.

"మరి నేనెందుకు అండ్ల?"

"ఒక్కదాన్నే చూసిన అంటే మా చెల్లె వియ్యపురాలు నమ్మదు. టీచరమ్మ గూడ నాతోటి వచ్చింది, ఆమె గూడ చూసింది అని చెప్పిన. మీరంటే నమ్ముతది."

నాకు ఒళ్లు మండింది. ఎన్నో ఏళ్లు సండే స్కూల్లో పిల్లలతో పది ఆజ్ఞలు వల్లె వేయించినదాన్ని. అబద్ధ సాక్ష్యం తగదని చెప్పడమే నా పని. నన్ను అడగకుండా నన్నే సాక్షిని చేసింది. "చూడక్కా, ఎవరన్న వచ్చి నన్నడిగితే నేను ఉన్నదున్నట్టు చెప్త. నాతోటి గిట్లాంటివి పెట్టుకోకు," అన్నాను.

"అడుగరు తియ్యున్రి. ఇంత దూరం ఎవలొస్తరు?"

"మీ నమ్మకమే గద అది. ఏమన్న అయితదని నీకు భయం లేదా?"

"ఉన్నది." కాసేపు రోడ్డు వైపు చూసింది. "అయితే నాకే కావాలె. చెప్పింది నేను. తిన్నోళ్లది తప్పు గాదు. వాళ్లకు తెల్వదు గద."

నా కోపం అక్కడ ఆగింది. "సరే, ఇగ నువ్వు గూడ తిను మరి," అన్నాను. తేలిక చేద్దామని అన్నాను. ఆమె నా వంక జాలిగా చూసింది. పాఠం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పిల్లను నేనూ అట్లాగే చూస్తాను.

"నాకు తెల్సు గదమ్మా, కాలేదని," అంది.

మర్నాడు చెల్లెలు ఫోన్ చేసింది. ఆ పిల్ల లేచి కూర్చుందట. రెండు పుల్లకాయలు ఉప్పుతో తిని, గంజి కూడా తాగిందట. కాలనీలో ఇంటింటికీ కబురు పోయిందట, పిల్లలంతా తోట మీద పడ్డారట. ఆమె నాకు ఇదంతా చెబుతుంటే మొహం వెలిగిపోయింది. అంత సంతోషం ఆమెలో నేను అంతకుముందు చూడలేదు. ఫోన్‌లో నవ్వినట్టే తెలుగులో కూడా నవ్వింది. చెప్పడం అయిపోయాక నా గుమ్మంలో దించిన పండ్ల బుట్ట దగ్గరికి పోయి, ఒక్కొక్కటే తొడిమ దగ్గర వాసన చూస్తూ వేరుచేయడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

తర్వాతి ఏడు నన్ను ఖమ్మం వేయలేదు. ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. చేయలేదు. పని ఒత్తిడి అనడానికి కూడా లేదు, వేసవి సెలవులన్నీ ఇంట్లోనే ఉన్నాను. రేపు చేద్దాం అనుకునేదాన్ని. ఆడపిల్ల పుట్టిందని రిసెప్షన్ అమ్మాయి ఫోన్‌తో ఆమే ఒకసారి మెసేజ్ పెట్టించింది. దానికి నేను దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. ఒక బొమ్మ. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఈ మార్చిలో, నేను దిగిన మూడో రోజు, ఆ కొత్త అమ్మాయి గది తుడిచి పోకుండా గుమ్మం దగ్గర నిలబడింది. ఏదో అడగాలని వచ్చి అడగలేకపోతున్న పిల్లల్ని నేను ఇట్టే పట్టేస్తాను. "ఏందమ్మా?" అన్నాను.

"ఇది టీచరమ్మ ఇల్లు గద మేడం. మీరేనా ఆ టీచరమ్మ?"

"అవ్. నీకెట్ల తెలుసు?"

"పెద్దమ్మ చెప్పేది. నేను ఆమె చెల్లె బిడ్డను. పెద్దమ్మ పోయినంక ఆమె పనిల నన్ను పెట్టుకున్నరు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఐదో నెల కడుపుతో గోడ వైపు తిరిగి పడుకున్నది ఈ పిల్లే అని అప్పుడు తెలిసింది. ఇంత చిన్నదని అనుకోలేదు. పెద్దమ్మ చివరి రోజులు ఎట్లా గడిచాయో నేనే అడిగాను. పది రోజుల జ్వరం. దవాఖానాకు పోయేసరికే కళ్లు పచ్చబడ్డాయి. చివర్లో తెలుగు మరిచిపోయి అంతా వాళ్ల భాషలోనే మాట్లాడిందట. డాక్టరుతో కూడా.

"మా ఇంట్ల ఒక లొల్లి నడుస్తుంది మేడం," అంది ఆ అమ్మాయి. కోటు గుండీ తిప్పుతూ ఉంది. "నా బిడ్డ నాతోటే ఖమ్మంల ఉన్నది, పంతొమ్మిది నెలలొచ్చినయ్. ఇంకా నిలబడతలేదు. నడక లేదు. మా అత్త ఏమంటదంటే, ఆ ఏడు పండుగ కానేలేదు, మీ పెద్దమ్మ అబద్ధం చెప్పింది, నువ్వు కాయ తిన్నవ్, దాంతోటే పిల్లకు గిట్లయింది అంటది. పెద్దమ్మ పోవుడు గూడ గందుకే అంటది. పూజారి కొడుకు మొన్న ఊరికొచ్చి, నేను ఏ పండుగకు రాలేదు అన్నడంట. తాగి అన్నడో, ఊకెనే అన్నడో తెల్వదు."

నేను కుర్చీ చేయి పట్టుకున్నాను.

"మీరు పెద్దమ్మతోటి పోయిన్రంట గద. మీరు చూసిన్రంట గద. మీరు అబద్ధం చెప్పరని పెద్దమ్మ అనేది." గుండీ వదిలేసింది. "నిజం చెప్పున్రి మేడం. నా బిడ్డకు నేనే చేసుకున్ననా?"

రోడ్డు మీద బండ్ల హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఎదురుగా కోచింగ్ సెంటర్ పిల్లలు బయటికి వస్తున్నారు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్తానని నేను ఆ మనిషి మొహం మీద చెప్పాను. అడగరులే అని ఆమె అనుకుంది. ఏమన్న అయితే నాకే కావాలె అని కూడా ఆమే అంది. ఇప్పుడు నేను నిజం చెబితే అది ఆమెకు కాదు, ఈ పిల్లకు తగులుతుంది. బతికినంతకాలం తగులుతూనే ఉంటుంది.

"పోయినం," అన్నాను. "నేను, మీ పెద్దమ్మ కలిసే పోయినం. పండుగ అయింది. నేను చూసిన. నువ్వు అయినంకనే తిన్నవ్. నీ తప్పు ఏం లేదు."

"మరి పూజారి కొడుకు?"

"వచ్చిండు. ఆఫీసోళ్లకు తెలుస్తదని ఇప్పుడు రాలేదంటుండు. మీ అత్తకు నేను చెప్పిన అని చెప్పు. నమ్మకుంటే నాకు ఫోన్ చేయమను." అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని నాకు తెలియదు. "పిల్లలు కొందరు ఆలస్యంగ నడుస్తరు. అయినా రేపు పిల్లను తీసుకురా. నేను సెలవు పెడత. పిల్లల డాక్టరుకు చూపిద్దాం. ఏదన్న ఉంటే మందులున్నయ్, భయపడకు."

ఆ పిల్ల గోడకు ఆనుకుని, అక్కడే జారి కింద కూర్చుంది. రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది. నేను లేచి నీళ్లు తెచ్చి ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి, కళ్లు తుడుచుకుని, లేచి బకెట్ అందుకుంది. తలుపు దాకా పోయి మళ్లీ తిరిగింది.

"పెద్దమ్మకు మామిడి పండు అంటే పాణం మేడం. మా చిన్నప్పుడు మాకు పెట్టకుంట తినేది, అమ్మ తిట్టేది." నవ్వింది. నవ్వితే అచ్చం ఆమే. "ఆ ఏడు పెద్దమ్మ గూడ తిన్నదా?"

నేను బల్ల మీద ఉన్న కాగితాలు సర్దాను. సర్దినవే మళ్లీ సర్దాను.

"తిన్నదమ్మా," అన్నాను. "కడుపు నిండ తిన్నది."